ఏది వయసు, ఏది బరువు

రాఘవులు సార్ పోయారన్న కబురు నేను ఆఫీసులో ఉండగా ఫోన్‌లో తెలిసింది. భద్రాచలంలో ఆయన దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న పాత విద్యార్థులం పెట్టుకున్న గ్రూపులో ఎవరో ఆయన ఫోటో పెట్టారు. కింద దండం పెట్టే చేతులు వరసగా వచ్చి పడ్డాయి. ఒకరు ఆయన ఓపిక గురించి రాశారు. ఒకరు బోర్డు మీద ఆయన రాసే గుండ్రటి అక్షరాల గురించి రాశారు. ఆయన లేకపోతే మనం ఈ ఉద్యోగాల్లో ఉండేవాళ్లమా అని ఇంకొకరు అడిగారు. అవన్నీ నిజాలే. నేను మాత్రం ఆ రోజు ఏమీ రాయలేదు. బాధ లేక కాదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం ముందు కూర్చుని, తినలేక లేచి వచ్చేశాను. కానీ అందరి చేతుల కింద నా చేతులు కూడా జోడించి ఊరుకుంటే, ఆయనకూ నాకూ మధ్య తెగకుండా మిగిలిన తగాదా ఆయనతో పాటే మట్టిలో కలిసినట్టవుతుంది. పోయిన మనిషితో తగాదా ఏమిటని అనేవాళ్లు అంటారు. మనిషి పోయినంత మాత్రాన ఆయన అన్నది ఒప్పయిపోదు. నేను అన్నది తప్పయిపోదు. ఆ మాట రాయడానికే ఇది మొదలుపెట్టాను.

మాది బూర్గంపాడు. గోదావరికి ఇవతల మేము, అవతల భద్రాచలం. పెంకుటింట్లో నాయన, అమ్మ, అమ్మమ్మ, నేను. నాయన సర్కారు బస్సు డ్రైవరు. అడవి ఊళ్లకు పోయే బస్సు ఆయనది. ఎండాకాలం మొదట్లో ఇంటికి వచ్చేసరికి ఆయన ఖాకీ చొక్కా నుంచి డీజిల్ వాసన, ఇప్పపూల వాసన కలిసి వచ్చేవి. బస్సెక్కే ఆడవాళ్ల గంపల నిండా ఆ పూలే ఉండేవి మరి. ఆయన చొక్కా విప్పి దండెం మీద వేసి, కాళ్లు కడుక్కుని, ఎవరితో మాట్లాడకుండా కాసేపు గడప మీద కూర్చునేవాడు. రోజంతా హారన్ మోతలో ఉన్న మనిషికి ఆ కాసేపు నిశ్శబ్దం కావాలని ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ కూడా అప్పుడు కుట్టుమిషను ఆపేసేది. ఆ మిషను కిటికీ కింద ఉండేది. నూనె మరకలున్న ఆ చెక్క బల్ల మీదే నేను అక్షరాలు దిద్దాను, ఆ బల్ల మీదే తర్వాత ప్రోగ్రాములు కాగితం మీద రాసుకున్నాను. కరెంటు ఉన్నా లేకపోయినా కాగితం మీద ప్రోగ్రాము నడుస్తుందని అమ్మతో చెబితే, అయితే ఆ డబ్బాకు అన్ని పైసలెందుకని నవ్వేది.

అమ్మమ్మ పేరు సలోమి. ఊరి బయట రోడ్డు వారన చర్చి వాళ్లు నడిపే చిన్న దవాఖానాలో ఆయా. తెల్లచీర కట్టుకుని పొద్దున్నే వెళ్లి, సాయంత్రం ఫినాయిల్ వాసనతో తిరిగి వచ్చేది. ఆ చీర ఇంట్లోకి రానిచ్చేది కాదు. బయటే విప్పి వేడినీళ్లలో వేసి, ముళ్లకంచె మీద విడిగా ఆరేసేది. రాత్రి అన్నాలకు ముందు ఆమె ప్రార్థన చేయాలి. అది మొదలుపెడితే అన్నం చల్లారిపోయేది. ఇంట్లో వాళ్ల పేర్లు చెప్పి, చుట్టాల పేర్లు చెప్పి, ఆ రోజు దవాఖానాలో పడుకున్న ప్రతి మనిషి పేరూ ఊరూ చెప్పేది. ఫలానా గుంపులోని ఫలానా ఆమెకు జ్వరం తగ్గించు, ఫలానా పిల్లవాని కడుపునొప్పి తీసెయ్యి అని. గుంపులంటే అడవిలోని చిన్న పల్లెలు. అక్కడి నుంచి వచ్చేవాళ్ల భాష ఆమెకు కొంత వచ్చు, అందుకని వాళ్లు ఆమెతోనే మాట్లాడేవాళ్లు, ఆ పేర్లన్నీ ఆమె దగ్గర ఉండేవి. ఒకరోజు నాయన ఆకలికి ఆగలేక అడిగాడు.

"దేవునికి తెల్వదా అత్తమ్మా, అందరి పేర్లు జెప్పాల్నా?"

"దేవునికి తెలుసు బిడ్డా. నాకే మరుపొస్తది," అన్నది అమ్మమ్మ, కళ్లు తెరవకుండానే.

ఈ మాటను నేను తర్వాత చేసిన పనికి ముడిపెట్టి గొప్పగా చెప్పుకోవడం నాకిష్టం లేదు. అమ్మమ్మకు కంప్యూటర్ తెలియదు. నాకు ఆమెలా ప్రార్థన రాదు. ఆ ఇంట్లో పెరిగాను, అంతవరకే.

డిగ్రీ అయ్యాక నన్ను భద్రాచలంలో కంప్యూటర్ నేర్చుకోవడానికి పంపారు. మండలానికి ఒకటైనా కంప్యూటర్ సెంటరు వెలుస్తున్న రోజులవి. రాఘవులు సార్ సెంటరు టైర్ల షాపు మీద అద్దెగది. మెట్లెక్కుతుంటే కాలిన రబ్బరు వాసన, పైన తలుపు తీస్తే చల్లగా, కొత్త ప్లాస్టిక్ వాసన. చెప్పులు బయట విడిచిపోవాలి. మానిటర్లకు పూల గుడ్డతో తొడుగులుండేవి. అవి మా అమ్మ కుట్టినవే. ఏ తొడుగు ఏ మానిటర్‌దో నాకు కుట్టు చూస్తే తెలిసేది. సార్ ఖమ్మం వైపు మనిషి. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, జేబులో ఎప్పుడూ ఎర్రపెన్నుతో ఉండేవారు. పెద్ద నగరంలో ఉద్యోగం చేసి, తండ్రికి బాగుండక తిరిగొచ్చి, ఈ అడవి అంచున సెంటరు పెట్టారు. ఆయనకు సి భాష అంటే ప్రాణం. కరెంటు పోయి యూపీఎస్ కుయ్యికుయ్యిమంటుంటే, అది పూర్తిగా చచ్చేలోపల సగం రాసిన వరస మాకు నోటితో చెప్పి కాగితం మీద రాయించేవారు. మా వైపు పిల్లలకు ఇంతకంటే తేలికది చాలనుకోలేదు ఆయన. ఎక్కడా నేర్పని లోతుకు మమ్మల్ని తీసుకుపోయారు. ఆ ఋణం నేను కాదనను.

ఆయనతో నా తగాదా ఫంక్షన్ల పాఠంలో మొదలైంది. కంప్యూటర్ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. ప్రోగ్రాములో ఒక పనిని విడిగా రాసి పెట్టుకుని, కావలసినచోట దాన్ని పిలిచి వాడుకుంటాం. అదే ఫంక్షన్. దానికి కొన్ని విలువలు అందిస్తే అది లెక్కచేసి జవాబు ఇస్తుంది. వాడుకునేవాళ్లకు తెలియడం కోసం, ఇలాంటి పని ఒకటి ఉంది, దీనికి ఇవి అందించాలి అని ముందుగానే ఒక వరసలో ప్రకటించాలి. దాన్ని డిక్లరేషన్ అంటారు. అందించే విలువ ఏ రకమో అందులో తప్పనిసరిగా రాయాలి. మామూలు అంకె అయితే ఇంట్ అని రాస్తాం. ఆ విలువకు ఒక పేరు కూడా రాయొచ్చు. రాయకపోయినా తప్పులేదు. కంపైలర్, అంటే మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది, ఆ వరసలో పేర్లను పట్టించుకోదు. ఇంట్, కామా, ఇంట్ అని ఉంటే దానికి చాలు.

సార్ బోర్డు మీద అలాగే రాసేవారు. నేను నా కాగితం మీద ప్రతి ఇంట్ పక్కనా పేరు రాశాను. పొడవు, వెడల్పు అని, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు. ఆయన నా వెనక నిలబడి, వంగి, ఎర్రపెన్నుతో ఆ పేర్లు కొట్టేశారు.

"కంపైలర్‌కు పేర్లతోని పనేంది? రకం దెలిస్తే చాలు. నువ్వు రాసినా అది సదవదు," అన్నారు.

"నేను సదువుత గద సార్," అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు, కోపమూ పడలేదు. ఓపికగా చెప్పారు. అనవసరమైన ముక్క ఒక్కటి కూడా రాయకూడదు. అసలు ఫంక్షన్ రాసినచోట పేర్లుంటాయి కదా, డిక్లరేషన్‌లో మళ్లీ ఎందుకు? రేపు అక్కడ పేరు మార్చి ఇక్కడ మార్చడం మరిచిపోతే రెండు చోట్లా రెండు పేర్లుంటాయి, అబద్ధం రాసినట్టవుతుంది. ఇంకెవరైనా పైన ఎక్కడో అదే మాటకు వేరే అర్థం కట్టి ఉంటే మొత్తం చెడిపోతుంది. ఇవన్నీ అర్థం లేని మాటలు కావు. ఇప్పటికీ చదువుకున్నవాళ్లు ఈ మాటలే అంటారు. కానీ నాకు ఒకటే తోచింది: ఆ వరస చూసి ఫంక్షన్ వాడుకోవలసింది మనిషి. పొడవు ముందా వెడల్పు ముందా అన్నది ఆ మనిషి ఎక్కడ చూసుకోవాలి? వేరే ఫైలు వెతికి తెరవాలా? పేరు తప్పుగా ఉంటే తప్పని కనబడుతుంది, అసలు లేకపోతే ఏం కనబడుతుంది? అదే అడిగాను. నీకు గుర్తుండాలె అన్నారు ఆయన. నాకు గుర్తుంటది, వేరేవాళ్లకో అన్నాను. పొడవు, వెడల్పు అని తెలుగులో రాస్తే హైదరాబాద్‌లో నవ్వుతారని కూడా అన్నారు. హైదరాబాద్‌లో పొడవంటే తెల్వదా సార్ అన్నాను. అప్పటి నుంచి క్లాసులో నాకు మొండిపిల్ల అని పేరు పడింది. నేను రాస్తూ పోయాను, ఆయన కొట్టేస్తూ పోయారు. ప్రతి పరీక్షలోనూ దాని కింద మార్కులు తగ్గాయి. అయినా క్లాసులో ఆయన ఎక్కువ పని అప్పజెప్పేది నాకే. అది కూడా నిజమే.

ఆ ఏడు వానలకు ముందు అమ్మమ్మ పనిచేసే దవాఖానాకు ఎవరో కంప్యూటర్ దానం ఇచ్చారు. దాంతో ఏం చేయాలో అక్కడి డాక్టరమ్మకు ముందే ఒక ఆలోచన ఉంది. వానలు పడితే అడవి ఊళ్ల నుంచి జ్వరాలతో జనం బళ్ల మీదా మంచాల మీదా వచ్చి పడతారు. మాత్రలు ఎన్నివ్వాలో మనిషి బరువును బట్టీ వయసును బట్టీ ఉంటుంది. ఆ లెక్క రోజంతా చేసీ చేసీ అలసిన నర్సులు పొరపాటు పడకుండా, బరువూ వయసూ కొడితే చీటీ అచ్చయి రావాలని ఆమె కోరిక. ఆ పని రాఘవులు సార్‌కు వచ్చింది. లెక్క చేసే ఫంక్షన్ నన్ను రాయమన్నారు. డాక్టరమ్మ గోడకు అంటించిన పట్టిక చూసి, ఆమెను అడిగి అడిగి నేను రాశాను. ముందు వయసు, తర్వాత బరువు. డిక్లరేషన్‌లో ఆ రెండు పేర్లూ స్పష్టంగా పెట్టాను. ఫ్లాపీలో వేసి సార్‌కు ఇచ్చాను. మిగతా భాగం, అంటే బరువూ వయసూ అడిగి తీసుకుని నా ఫంక్షన్‌ను పిలిచి చీటీ అచ్చువేసేది, సార్ స్వయంగా రాశారు. అన్నీ కలిపాక దవాఖానాలో పెట్టి వచ్చారు. పెద్దవాళ్ల చీటీలు కొన్ని తీసి చూశారు, పట్టికతో కుదిరాయి. డాక్టరమ్మ సంతోషపడింది. అమ్మ ఆ కంప్యూటర్‌కు కూడా తొడుగు కుట్టి పంపింది.

గోదావరి పెరిగింది. ఒడ్డున ఉన్నవాళ్లకు అది కొత్త కాదు. నీళ్లు రోడ్డెక్కి బస్సులు ఆగిపోయాయి. నాయన ఇంట్లోనే ఉండి రేడియో పట్టుకుని కూర్చున్నాడు. ఊరంతా బురద వాసన, తడిసిన కట్టెల పొగ. నేను సెంటరుకు పోయే దారి లేదు. దవాఖానా మాత్రం ఎత్తున ఉంది కాబట్టి నడుస్తూనే ఉంది, నిండిపోయి ఉంది. ఒక సాయంత్రం అమ్మమ్మ వచ్చి చీర మార్చుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. జోగమ్మ మళ్లా వచ్చిందని చెప్పింది. జోగమ్మ అడవి గుంపు నుంచి వచ్చిన చిన్నపిల్ల. అంతకుముందు జ్వరమొస్తే మాత్రలిచ్చి పంపారు. ఇప్పుడు వాళ్లమ్మ మళ్లీ భుజాన వేసుకుని నీళ్లలో నడిచి తెచ్చింది. మాత్రలన్నీ వేసిందట, జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టిందట. ఇంకొంతమంది పిల్లలు కూడా అట్లాగే తిరిగొచ్చారని, పెద్దోళ్లు మాత్రం బాగానే లేచిపోతున్నారని అమ్మమ్మ మామూలుగా చెప్పుకుపోతోంది. పిల్లలు తిరిగొస్తున్నారు, పెద్దవాళ్లు రావడం లేదు. ఆ మాట విన్నాక నా అనుమానం చీటీల లెక్క మీదికి పోయింది.

తెల్లారి అమ్మమ్మతో పాటు దవాఖానాకు పోయాను. వరండాలో జోగమ్మ తల్లి ఒళ్లో పడుకుని ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి గాని దేన్నీ చూడడం లేదు. పెదవులు ఎండి పొట్టు లేచాయి. తల్లి ఆ పిల్ల అరికాళ్లు రుద్దుతూ ఉంది. నేను లోపలికి పోయి తొడుగు తీసి కంప్యూటర్ ఆన్ చేశాను, ఫైళ్లు తెరిచాను. డిక్లరేషన్ వరసలో నా పేర్లు లేవు. సార్ కొట్టేశారు. శుభ్రంగా ఇంట్, కామా, ఇంట్. అక్కడి నుంచి ఆయన రాసిన భాగానికి పోయాను. దవాఖానాలో మనిషి రాగానే ముందు బరువు చూస్తారు, తర్వాత వయసు అడుగుతారు. తెర మీద కూడా ఆయన అదే వరసలో అడిగించారు. ఫంక్షన్‌కు కూడా అదే వరసలో అందించారు. ముందు బరువు, తర్వాత వయసు. రెండూ అంకెలే కాబట్టి కంపైలర్ కిక్కురుమనలేదు. పెద్దవాళ్లకు బరువూ వయసూ రెండూ పెద్ద అంకెలే, తారుమారైనా పట్టికలో పెద్దవాళ్ల వరసలోనే పడతాయి, చీటీ మారదు. పిల్లలకు వయసు చిన్న అంకె, బరువు పెద్ద అంకె. వయసును బరువనుకుని లెక్కవేసిన మిషను వాళ్లకు చాలీచాలని మాత్రలు రాసి పంపింది.

డాక్టరమ్మను పిలిచి చూపించాను. ఆమె ముఖం తెల్లబడింది. వెంటనే వరండాలోకి పోయి ముందు జోగమ్మను లోపలికి తెప్పించింది. ఆ పిల్లకూ, తిరిగొచ్చిన మిగతా పిల్లలకూ పట్టిక చూసి స్వయంగా మందు రాసింది. ఆ చీటీలతో మందు తీసుకుపోయి ఇంకా తిరిగిరాని పిల్లల ఊళ్లకు కబురు పంపించమని అమ్మమ్మతో చెప్పింది. దవాఖానా ఫోన్ నుంచి నేను సార్‌కు చేశాను. విషయం చెప్పాను.

"నువ్వేం ముట్టుకోకు. నీళ్లు దీసినంక నేనొచ్చి సూస్త," అన్నారు.

"మీరొచ్చేదాంక చీటీలు రావు సార్. బంద్ పెట్టిన," అన్నాను.

ఎవరినడిగి బంద్ పెట్టావని అడిగారు. ఎవరినీ అడగలేదని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆయన మాట కాదని అలా ఫోన్ పెట్టేయడం నాకు అదే మొదటిసారి. కంప్యూటర్ తీగ గోడలోంచి ఊడబీకి తొడుగు కప్పేశాను. ఆ పనికి ఇప్పటికీ నాకు సిగ్గు లేదు.

జోగమ్మ లేచి కూర్చుని గంజి తాగే నాటికి గోదావరి కూడా తగ్గింది. రాఘవులు సార్ మోకాళ్లదాకా బురదతో వచ్చారు. చొక్కా అప్పుడు కూడా ఇస్త్రీదే. డాక్టరమ్మ నాతో ప్రోగ్రాము కాగితాలన్నీ అచ్చు తీయించి బల్ల మీద పెట్టుకుని ఉంది. ఆమెకు ప్రోగ్రాములు రావు. వేలు పెట్టి ఒక వరస చూపించి మామూలుగా అడిగింది.

"రాఘవులుగారూ, ఈ రెండింటిలో ఏది వయసు, ఏది బరువు?"

"మొదటిది," అన్నారు సార్. అని ఆగిపోయారు. మొదటిది వయసా, బరువా? ఆ వరసలో చూస్తే ఏమీ లేదు, ఇంట్, కామా, ఇంట్. ఆయన కాగితాలు తిప్పడం మొదలుపెట్టారు. నేను రాసిన ఫంక్షన్ ఉన్న కాగితం కోసం. కింద నుంచి పైకి, మళ్లీ పై నుంచి కిందికి. ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పలేదు. చెప్పకూడదనే చెప్పలేదు. ఆయన వెతికి, దొరకబుచ్చుకుని, వేలు అక్కడ పెట్టి, మొదటిది వయసమ్మా అన్నారు. ఆ తర్వాత ఆమె అడగకముందే, పిలిచేచోట తారుమారు చేసింది నేనే, ఈ పిల్ల తప్పేమీ లేదు అని కూడా అన్నారు. అలా తన మీద వేసుకోవడానికి ఆయన ఒక్క క్షణం కూడా వెనకాడలేదు. ఆ గుణం ఎంతమందిలో ఉంటుంది?

నేను అక్కడితో ఊరుకుని ఉంటే అందరికీ బాగుండేది. పేర్లు మళ్లీ పెట్టాలె సార్ అన్నాను. అది స్టైల్ మేడం, తప్పు కాదు, తప్పు నా అజాగ్రత్తది అని ఆయన నాకు కాకుండా డాక్టరమ్మకు జవాబిచ్చారు. అయితే నాకు ఆ స్టైలే కావాలి అన్నది ఆమె. పేర్లు పెట్టించింది. నా ఎదురుగానే, ఆయన చేతులతోనే, వయసు, బరువు అని తెలుగు మాటలే టైపు చేయించింది. ఆ ప్రోగ్రాము ఆ దవాఖానాలో ఆ కంప్యూటర్ పాడయ్యేదాకా నడిచింది.

కోర్సు చివరి పరీక్ష వచ్చింది. నేను ఎప్పటిలాగే పేర్లతో రాశాను. ఆయన కాగితం తిరిగిచ్చారు, ఈసారి ఎర్రపెన్ను వాడలేదు. పేర్లు తీసేసి మళ్లీ రాసి తెస్తే సర్టిఫికెట్ మీద సంతకం పెడతానన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు.

"గంత జరిగినంక గూడ గట్లనే అంటరా సార్?"

"జరిగింది నా తప్పు. పద్ధతిది గాదు. నా క్లాసుల నా పద్ధతి," అన్నారు.

"నేను మళ్ల రాయ సార్."

"అయితే సంతకం గాదు," అన్నారు. కోపంతో కాదు, చాలా నెమ్మదిగా. అది ఇంకా బాధించింది. తిడితే తిరిగి ఏదైనా అనేదాన్ని. కాగితం అక్కడే బల్ల మీద వదిలి, మెట్లు దిగి వచ్చేశాను.

సర్టిఫికెట్ లేకుండా ఇంటికొస్తే నాయన బాగా కోప్పడ్డాడు. రెండు ముక్కలు కొట్టేసి రాస్తే నీ సొమ్మేం పోయిందని గడప మీద కూర్చునే అడిగాడు. హైదరాబాద్‌లో ఉద్యోగాల వాళ్లు ఆ కాగితమే ముందు అడుగుతారని ఆయన డిపోలో అందరినీ కనుక్కుని ఉన్నాడు. అది నిజమే. ఆ ఏడాదంతా నేను ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని గుండీలు కుట్టాను. నాతో చదివినవాళ్లు ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకుని బస్సెక్కారు. కొందరిని నాయనే తన బస్సులో దింపివచ్చాడు. వచ్చి ఫలానావాళ్లు పోయారు అని నా వైపు చూడకుండా చెప్పేవాడు. ఆయనకు అంతా అర్థం చేయించడం నా వల్ల కాలేదు. ఒకరోజు అమ్మే ఆయనతో అన్నది, దారం నోటితో తెంపుతూ: "అది రాసింది సరైందే అని డాక్టరమ్మ అన్నది గద. సరైందాన్ని ఎందుకు కొట్టేసుకోవాలె?" ఆ తర్వాత నాయన ఆ మాట ఎత్తలేదు. ఒప్పుకున్నాడని కాదు. ఎత్తలేదు, అంతే.

ఉద్యోగం చివరికి దొరికింది. సర్టిఫికెట్లు చూడకుండా పరీక్ష పెట్టే ఒక చిన్న కంపెనీలో, కాగితం మీద ప్రోగ్రాము రాయించుకుని తీసుకున్నారు. అక్కడ కూడా నేను పేర్లు రాశాను, ఎవరూ నవ్వలేదు, ఎవరూ మెచ్చుకోలేదు కూడా. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి భద్రాచలం బస్టాండులో సార్ కనిపించారు. జుట్టు నెరిసింది, జేబులో పెన్ను అలాగే ఉంది. టీ ఇప్పించారు. ఉద్యోగం గురించి అడిగారు, అమ్మ గురించి అడిగారు. ఇంకా పేర్లు రాస్తున్నవా అని అడిగారు. అవ్ సార్ అన్నాను. మొండిదానివి అన్నారు. మీరు రాస్తున్నరా అని అడిగాను. రాయ అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. బస్సు వచ్చింది, ఆయన నా సంచి పైకి అందించారు. అదే ఆఖరు. ఆయన మంచి గురువు. ఈ ఒక్క విషయంలో తప్పు. రెండూ నిజమే, ఒకదాని కోసం ఇంకొకటి కొట్టేయను.

ఇప్పుడు నా కింద ఒక జట్టు పనిచేస్తుంది. ఆ రోజులకూ ఇప్పటికీ పోలిక లేదు. యూపీఎస్ చచ్చేలోపు నోటితో చెప్పి రాయించే పనిలేదు. తెర మీద ఏ మాటపైన బాణం పెట్టినా దాని పుట్టుపూర్వోత్తరాలు చూపిస్తుంది. సగం ప్రోగ్రాము యంత్రమే రాసి పెడుతోంది. ఇన్ని వచ్చాక కూడా నాకు తేడా ఒక్కచోటే కనబడుతుంది. అప్పుడు తప్పు జరిగితే జోగమ్మ వచ్చి వరండాలో కూర్చుంది, మా కళ్లపడింది. ఇప్పుడు మేం రాసేది ఏ ఊళ్లో ఎవరి మీద పనిచేస్తుందో మాకు తెలియదు. తప్పు జరిగితే ఎవరైనా వచ్చి కూర్చోవడానికి మా అద్దాల మేడకు వరండా లేదు.

మొన్న శ్రావణి అనే కొత్తమ్మాయి డిక్లరేషన్లలో పేర్లన్నీ తీసేసి నాకు పంపింది. వెనక్కి పంపాను. వచ్చి నా పక్కన కూర్చుని, ఇవి అనవసరం కదా మేడం, కంపైలర్ పట్టించుకోదు కదా అన్నది. తెలివైన పిల్ల. నేను ఇదంతా చెప్పాను, దవాఖానా, చీటీలు, అన్నీ. శ్రద్ధగా విన్నది. ఇప్పుడు అలా జరగదు మేడం అన్నది. జరగదనే అనుకో, అయినా రాయి అన్నాను. నేను కూడా రాఘవులు సార్‌లాగే మాట్లాడుతున్నానని నాకు తెలుసు. అయితే అయ్యాను. సాయంత్రానికి ఆమె పేర్లన్నీ తిరిగి పెట్టి పంపింది. నమ్మి పెట్టలేదు, నా పోరు పడలేక పెట్టింది. అది ఆమె ముఖంలోనే తెలిసింది. నాకేం ఫరవాలేదు. రేపు ఆ వరస చదివే మనిషికి ఆమె నమ్మకంతో పనిలేదు. పేరు అక్కడ ఉంటే చాలు.